సారాయెవో హత్యకూ యుద్ధానికీ మధ్య ఆ 37 రోజుల్లో ఏం జరిగింది?

ప్రశ్న: పల్నాటి పంతులు

అందరికీ నమస్కారం. నేను పల్నాడు ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తాను. మొదటి ప్రపంచ యుద్ధం పాఠం దగ్గరకు వచ్చేసరికి ప్రతి ఏడాదీ ఒకే చోట నాకు మాట తడబడుతుంది. జాతీయవాదం, సైనికవాదం, సామ్రాజ్యవాదం, రహస్య ఒప్పందాలు అని నాలుగు మాటలు బోర్డు మీద రాస్తాం. వాటి కింద ‘తక్షణ కారణం’ అని గీత గీసి, 1914 జూన్ 28న బోస్నియా రాజధాని సారాయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాన్జ్ ఫెర్డినాండ్ హత్య అని చేరుస్తాం. పరీక్షకు అది సరిపోతుంది. ఈసారి ఒక అమ్మాయి లేచి, “హత్య జూన్‌లో జరిగితే యుద్ధం ఆగస్టులో ఎందుకు మొదలైంది సార్?” అని అడిగింది. రేపు చెబుతానని చెప్పి కూర్చోబెట్టాను.

పల్నాటి యుద్ధానికి కోడిపందెమే కారణమని మా ప్రాంతంలో ఎవరూ అనరు. నలగాముడికీ మలిదేవుడికీ మధ్య రాజ్యభాగం తగవు అంతకుముందే ముదిరి ఉండబట్టి పందెం అంత దూరం తీసుకుపోయిందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. సారాయెవో విషయంలో ఆ ‘అంతకుముందే’ అన్నదానిని నేను సరిగా చెప్పలేకపోతున్నాను. 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలుపుకున్నప్పుడు, 1911లో మొరాకో విషయమై జర్మనీ, ఫ్రాన్స్ ఢీకొన్నప్పుడు, 1912–13లో బాల్కన్ యుద్ధాలు జరిగినప్పుడు కూడా ఆ నాలుగు కారణాలూ ఉన్నాయి కదా. అప్పుడు రాని మహాయుద్ధం 1914లోనే ఎందుకు వచ్చింది? ఆ ముప్పై ఏడు రోజుల్లో ఆపగలిగిన చోటు ఎక్కడైనా ఉందా? తెలిసినవారు వివరంగా రాస్తే ఉపకారం చేసినవారవుతారు.


సమాధానం: పాత పటాలు

మీ విద్యార్థిని అడిగినది చాలా మంచి ప్రశ్న. హత్య జరిగిన వెంటనే, ఆ కోపంలోనే ఆస్ట్రియా సెర్బియా మీద దాడి చేసి ఉంటే యూరప్‌లో చాలా రాజ్యాలు దానిని అర్థం చేసుకుని ఊరుకునేవేమో. యువరాజునూ ఆయన భార్య సోఫీనీ పట్టపగలు కాల్చి చంపారు, చంపిన గావ్రిలో ప్రిన్సిప్ వయసు పంతొమ్మిదేళ్లు, అతనికి ఆయుధాలు అందినది సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో. కాబట్టి సానుభూతి అంతా ఆస్ట్రియా రాజధాని వియన్నా వైపే ఉంది. ఆ సానుభూతిని వియన్నా ప్రభుత్వం నెల రోజులపాటు చేజేతులా కరగనిచ్చింది.

ఆలస్యానికి మొదటి కారణం ఇంటి తగాదాయే. ఆస్ట్రియా-హంగరీ పేరుకు ఒక సామ్రాజ్యమైనా ప్రభుత్వాలు రెండు, ప్రధానమంత్రులు ఇద్దరు. హంగరీ ప్రధాని ఇష్ట్వాన్ టిస్సా యుద్ధానికి ఒప్పుకోలేదు. గెలిచి సెర్బియాను కలుపుకుంటే సెర్బుల వంటి స్లావు జాతులవారి సంఖ్య ఇంకా పెరిగి తన దేశానికే చేటని ఆయన భయం. ఆయనను ఒప్పించేసరికి జులై 14 వచ్చింది. సైన్యంలో చాలామంది రైతుబిడ్డలు కోతల సెలవు మీద ఇళ్లకు వెళ్లి ఉండటం రెండో కారణం. వాళ్లను అర్ధాంతరంగా వెనక్కి పిలిస్తే పంట పొలంలోనే పోతుంది, పైగా రహస్యం బయటపడుతుంది. మూడోది చూడటానికి చిన్నదే అయినా అన్నిటికంటే బుద్ధిపూర్వకమైనది. ఫ్రెంచి అధ్యక్షుడు ప్వాంకారే జులై 20 నుంచి 23 వరకూ మిత్రదేశమైన రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జార్ చక్రవర్తికి అతిథిగా ఉన్నాడు. సెర్బియాకు అండ రష్యాయే. వాళ్లిద్దరూ ఒకే చోట కూర్చుని ఆలోచించుకునే వీలు ఉండకూడదని, ప్వాంకారే ఓడ ఎక్కే సమయాన్ని లెక్కగట్టి, జులై 23 సాయంత్రం ఆరింటికి బెల్‌గ్రేడ్‌లో తుది హెచ్చరిక అందజేశారు. గడువు నలభై ఎనిమిది గంటలు.

ఇక ఆపగలిగిన చోటు గురించి. నా లెక్కలో మొదటిది, అతి ముఖ్యమైనది జులై 5. ఆ రోజు వియన్నా దూత కౌంట్ హోయోస్ తెచ్చిన పత్రాలను ఆస్ట్రియా రాయబారి పోట్స్‌డామ్‌లో జర్మన్ చక్రవర్తి విల్‌హెల్మ్‌కు అందజేశాడు. సెర్బియా విషయంలో మీరేం చేసినా, చివరకు రష్యాతో యుద్ధం వచ్చినా, జర్మనీ మీ వెంట ఉంటుందని చక్రవర్తి మాట ఇచ్చాడు. మర్నాడు ఛాన్సలర్ బేట్‌మన్ హోల్‌వెగ్ దానిని ఖాయం చేశాడు. చరిత్రకారులు దీనినే బ్లాంక్ చెక్కు అంటారు. మాట ఇచ్చిన చక్రవర్తి ఆ మర్నాడే ఓడెక్కి ఎప్పటిలాగే నార్వే విహారానికి వెళ్లిపోయాడు. అంత పెద్ద పూచీ ఇచ్చినవాడు ఆ చెక్కు మీద ఎంత రాసుకుంటారో చూడకుండా సముద్రం మీదికి పోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మీరు అడిగిన ‘1913లో ఎందుకు రాలేదు’ అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 1913 అక్టోబరులో ఆస్ట్రియా సెర్బియాకు ఇలాంటి హెచ్చరికే ఇచ్చింది. అల్బేనియా భూభాగం నుంచి ఎనిమిది రోజుల్లో వైదొలగమంది, సెర్బియా వైదొలగింది. వియన్నాలో సైన్యాధిపతి కాన్రాడ్ ఆ ఒక్క ఏడాదిలోనే ఇరవైసార్లకు పైగా సెర్బియాతో యుద్ధం కోరాడు. ప్రతిసారీ అతనికి అడ్డుపడిన పెద్దమనిషి ఫ్రాన్జ్ ఫెర్డినాండే. రష్యాతో కయ్యం పెట్టుకుంటే జార్ సింహాసనమూ తమ సింహాసనమూ రెండూ పోతాయన్నది ఆయన వాదన. కనుక ప్రిన్సిప్ పేల్చిన తుపాకీ యుద్ధానికి ఒక సాకు ఇచ్చి ఊరుకోలేదు, వియన్నా దర్బారులో యుద్ధం వద్దన్నవారిలో అందరికంటే బలమైనవాణ్ణి కూడా తీసేసింది. మీ పిల్లలకు ‘తక్షణ కారణం’ చెప్పేటప్పుడు ఈ సంగతి చెప్పండి.

చివరిగా ఒక మాట. సెర్బియా ప్రభుత్వమే హత్య చేయించిందని వియన్నాకు రుజువు దొరకలేదు. దర్యాప్తు కోసం సారాయెవో పంపిన వీస్నర్ అనే అధికారి జులై 13న అదే విషయాన్ని తంతి ద్వారా తెలియజేశాడు. హెచ్చరికను అప్పటికే సిద్ధం చేస్తున్నవారు ఆ తంతిని పక్కన పెట్టేశారు.


సమాధానం: సికింద్రాబాద్ విశ్రాంత రైల్వే ఉద్యోగి

మాస్టారూ, పై సమాధానం బాగుంది. నేను ముప్పై ఏళ్లకు పైగా రైళ్ల నియంత్రణలో పనిచేసినవాణ్ణి కాబట్టి, జులై ఆఖరి వారం గురించి నాకు అర్థమైన పద్ధతిలో చెబుతాను.

మామూలు రోజున ఒక గూడ్సు బండి దారి తప్పితేనే కంట్రోలర్‌కు ఊపిరాడదు. ఒక బండిని లూప్ లైన్‌లో నిలిపితే వెనుక నాలుగు బండ్లు నిలిచిపోతాయి. అలాంటిది 1914లో జర్మనీ వేసుకున్న సైనిక సమీకరణ, అంటే సైన్యాన్ని కూడగట్టి సరిహద్దుకు చేర్చే పథకంలో రైళ్లు సుమారు 11,000. ఆగస్టు 2 నుంచి 18 వరకూ కొలోన్ నగరంలోని ఒక్క వంతెన మీదుగా దాదాపు పది నిమిషాలకొకటి చొప్పున సుమారు 2,150 రైళ్లు పడమటికి వెళ్లాయి. ఏ పటాలం ఏ స్టేషన్‌లో ఎక్కాలి, గుర్రాలకు నీళ్లు ఎక్కడ పెట్టాలి, ఖాళీ బోగీలు ఏ దారిన వెనక్కి రావాలి అన్నదంతా ముందే రాసి పెట్టుకున్నారు. ఆ టైంటేబుల్ మొదలుపెట్టాక మధ్యలో మార్చడమంటే సైన్యాన్ని పట్టాల మీద చెల్లాచెదురు చేసుకోవడమే.

పథకమేమిటంటే, రష్యా, ఫ్రాన్స్ మిత్రులు కాబట్టి ఇద్దరితోనూ పోరాడాల్సి వస్తుంది; రష్యా పెద్ద దేశం, సైన్యాన్ని కూడగట్టడానికి దానికి వారాలు పడుతుంది. ఈలోపు బెల్జియం మీదుగా ఫ్రాన్స్‌ను ఆరు వారాల్లో ఓడించి, తరువాత అవే రైళ్లలో తూర్పుకు తిరగాలి. తూర్పు వైపు మాత్రమే పోరాడే ప్రత్యామ్నాయ పథకాన్ని ఏటా సవరించి ఉంచుకునే పద్ధతి పూర్వం ఉండేది, 1913 నుంచి దానిని మానేశారు. కాబట్టి రష్యాతో తగవు వచ్చినా సరే, జర్మనీ సైన్యానికి తెలిసిన దారి బెల్జియం మీదుగా పారిస్‌కే.

రష్యా ఇబ్బంది వేరు. జులై 28న ఆస్ట్రియా సెర్బియాపై యుద్ధం ప్రకటించి, మర్నాడు బెల్‌గ్రేడ్ మీద ఫిరంగులు పేల్చింది. జర్మనీని రెచ్చగొట్టకుండా ఆస్ట్రియా సరిహద్దున మాత్రమే సైన్యాన్ని కూడగట్టాలని రష్యా విదేశాంగమంత్రి సజోనోవ్ అనుకున్నాడు. అలా సగం సమీకరణ చేసే పథకమే మా దగ్గర లేదు, ఇప్పుడు సగం చేస్తే రేపు పూర్తి సమీకరణ చేయడానికి వీలు లేకుండా గందరగోళమవుతుందని సైన్యాధికారులు చెప్పారు. జులై 29న జార్ నికోలాస్ పూర్తి సమీకరణకు సంతకం చేశాడు. అదే రాత్రి జర్మన్ చక్రవర్తి దగ్గర నుంచి తంతి రాగానే ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నాడు. 30 మధ్యాహ్నం సజోనోవ్ నచ్చజెప్పగా మళ్లీ ఒప్పుకున్నాడు. ఈ దాయాది చక్రవర్తులిద్దరూ ‘విల్లీ’, ‘నిక్కీ’ అన్న ముద్దుపేర్లతో ఇంగ్లీషులో తంతులు పంపుకున్నారు.

ఆగస్టు 1 సాయంత్రం బెర్లిన్‌లో జరిగినది నాకు మరీ ఆసక్తికరం. ఫ్రాన్స్ జోలికి వెళ్లకుంటే బ్రిటన్ తటస్థంగా ఉండవచ్చన్న అర్థం వచ్చే తంతి లండన్‌లోని జర్మన్ రాయబారి నుంచి అందింది. చక్రవర్తి పొంగిపోయి, అయితే సైన్యాన్నంతా తూర్పుకు తిప్పండి అన్నాడు. అది సాధ్యం కాదని సైన్యాధిపతి మోల్ట్‌కే మొండికేశాడు. రాత్రికి ఆ తంతిలో పస లేదని తేలింది, రైళ్లు పడమటికే కదిలాయి. నిజంగా సాధ్యం కాదా అంటే, కంట్రోల్ ఆఫీసులో కూర్చున్నవాడిగా నేను మోల్ట్‌కే పక్షమే వహిస్తాను. కానీ ఒక దేశానికి ఒకే టైంటేబుల్ ఉండాలని నిర్ణయించినది రైల్వేవాళ్లు కాదు.


సమాధానం: స్టుట్‌గార్ట్ తెలుగువాడు

పెద్దాయన చివరి వాక్యం దగ్గర నేను ఆగాను. రైళ్లే యుద్ధాన్ని తెచ్చాయన్న వాదన వినడానికి బాగుంటుంది కానీ, అది బాధ్యతను మనుషుల మీద నుంచి పట్టాల మీదికి తోసేస్తుంది. నేను పన్నెండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఈ విషయం మీద జర్మన్లు తమలో తాము ఎంత తీవ్రంగా వాదించుకున్నారో తెలిస్తే మాస్టారి పాఠానికి ఉపయోగపడుతుంది.

1919 వెర్సాయ్ సంధిలోని 231వ నిబంధన యుద్ధనష్టాలకు జర్మనీనీ దాని మిత్రులనూ బాధ్యులను చేసింది. ఆ నింద అన్యాయమని జర్మన్ చరిత్రకారుల్లో అధికులు దశాబ్దాలపాటు చెబుతూ వచ్చారు. 1961లో హాంబర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రిట్జ్ ఫిషర్ పాత ప్రభుత్వ దస్తావేజులు ముందు పెట్టి, బెర్లిన్ ప్రభుత్వం యూరప్‌పై ఆధిపత్యం కోరి తెలిసే ఈ ప్రమాదంలోకి దిగిందని వాదించేసరికి పెద్ద దుమారం రేగింది. 1964లో ఆయన అమెరికా ఉపన్యాస పర్యటనకు ఇస్తామన్న డబ్బును ప్రభుత్వమే రద్దు చేసింది. ఫిషర్ చెప్పినదంతా ఈనాడు ఎవరూ యథాతథంగా అంగీకరించరు, కానీ ఆయన తరువాత ‘అందరూ జారిపడ్డారు’ అని తేలిగ్గా అనేయడం కుదరకుండా పోయింది.

నా మటుకు నాకు ఆశ కంటే భయమే అసలు కారణంగా కనిపిస్తుంది. 1905లో జపాన్ చేతిలో ఓడిన రష్యా వేగంగా కోలుకుంటోంది, ఫ్రెంచి అప్పులతో పడమటి సరిహద్దుకు రైలుమార్గాలు వేస్తోంది, 1917 నాటికి పూర్తయ్యే భారీ సైనిక విస్తరణ మొదలుపెట్టింది. ఫ్రాన్స్ 1913లో నిర్బంధ సైనిక సేవను మూడేళ్లకు పెంచింది. ఆరు వారాల్లో ఫ్రాన్స్, తరువాత రష్యా అన్న లెక్క 1917లో చెల్లదని మోల్ట్‌కేకు తెలుసు. యుద్ధం తప్పదనుకుంటే అది ఎంత త్వరగా వస్తే అంత మంచిదని 1912 డిసెంబరు 8న చక్రవర్తి సమక్షంలోనే ఆయన అన్నాడు. నౌకాదళాధిపతి టిర్పిట్జ్ మాత్రం బాల్టిక్, ఉత్తర సముద్రాలను కలిపే కీల్ కాలువ వెడల్పు పని అయ్యేదాకా ఏడాదిన్నర ఆగమన్నాడు. ఆ కాలువ కొత్త లాకులు తెరుచుకున్నది 1914 జూన్ 24న, సారాయెవో ఘటనకు నాలుగు రోజుల ముందు. దీనిని బట్టి ముహూర్తం పెట్టుకుని యుద్ధం చేశారని నేను అనను, అలా అనేవారితో ఏకీభవించను కూడా. ఎప్పటికైనా తప్పని పోరు అయితే ఇప్పుడే నయమనుకునే మనఃస్థితిలో ఉన్న రాజ్యానికి జులై 5న వియన్నా దూత ఎదురయ్యాడన్నంత వరకే నా వాదన.

చక్రవర్తి మాత్రం చివరి నిమిషంలో వెనక్కి తగ్గాడు. జులై 25న సెర్బియా ఇచ్చిన జవాబును ఆయన 28 ఉదయం చదివాడు. ఆస్ట్రియా అధికారులు సెర్బియా గడ్డ మీద దర్యాప్తులో పాల్గొనాలన్న ఆరో షరతును తప్ప దాదాపు అన్నిటినీ ఆ జవాబు ఏదో ఒక మేరకు ఒప్పుకుంది. ఇక యుద్ధానికి కారణమే లేదని, బెల్‌గ్రేడ్‌ను పట్టుకుని అక్కడ ఆగితే చాలునని ఆయన రాశాడు. ఛాన్సలర్ ఆ సూచనను సారం మార్చి ఆ రాత్రి వియన్నాకు పంపాడు. అప్పటికే ఆస్ట్రియా యుద్ధం ప్రకటించేసింది. రెండు రోజుల తరువాత ఛాన్సలర్ మధ్యవర్తిత్వానికి ఒప్పుకోమని వియన్నాను ఒత్తిడి చేస్తుంటే, అదే బెర్లిన్ నుంచి మోల్ట్‌కే వెంటనే రష్యా మీదికి సైన్యాన్ని కూడగట్టమని కాన్రాడ్‌కు తంతి ఇచ్చాడు. బెర్లిన్‌లో అసలు ఎవరి మాట చెల్లుతోందని ఆస్ట్రియా విదేశాంగమంత్రి బెర్ఖ్‌టోల్డ్ విస్తుపోయాడని చెబుతారు.


సమాధానం: బెజవాడ చదువరి

ఇంతసేపూ వియన్నా, బెర్లిన్‌ల తప్పులే లెక్కపెట్టాం, తక్కినవారూ శుద్ధపూసలు కారు. హంతకులకు బాంబులూ తుపాకులూ సమకూర్చిన ‘నల్లహస్తం’ ముఠాకు నాయకుడు దిమిత్రియేవిచ్. అతను సాక్షాత్తు సెర్బియా సైనిక గూఢచారి విభాగాధిపతి. ప్రధాని పాషిచ్‌కు ఆ ముఠా అంటే గిట్టదు, అయినా దానిని అదుపు చేయగల శక్తీ లేదు. ప్రభుత్వం చేయించలేదన్నది నిజమే అయినా, ఆస్ట్రియా కోపం ఉత్తపుణ్యానికి పుట్టినది కాదు. బాల్కన్ యుద్ధాల్లో సెర్బియా విస్తీర్ణం దాదాపు రెట్టింపయింది. తరువాతి కన్ను బోస్నియా మీదేనని అందరికీ తెలుసు.

రష్యా సంగతి చూస్తే, 1909 మార్చిలో బోస్నియా విలీనాన్ని గుర్తించి తీరాలని జర్మనీ గట్టిగా అడిగినప్పుడు, జపాన్ యుద్ధం దెబ్బ మానక తలవంచింది. ఆ అవమానాన్ని మళ్లీ భరించేది లేదని ఈసారి నిశ్చయించుకుంది. ప్వాంకారే కూడా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నిదానించమని చెప్పలేదు, మైత్రి గట్టిదని భరోసా ఇచ్చాడు. పంతులుగారూ, మీరు ‘ముందు ఎందుకు రాలేదు’ అన్నారు కదా. ముందు ప్రతిసారీ ఎవరో ఒకరు తగ్గారు కాబట్టి రాలేదు. 1909లో రష్యా, 1911లో జర్మనీ, 1913లో సెర్బియా తగ్గాయి. 1914 నాటికి తగ్గడంలో తన వంతు అయిపోయిందని ప్రతి రాజ్యమూ అనుకుంటోంది.


ప్రశ్న కొనసాగింపు: పల్నాటి పంతులు

అందరికీ కృతజ్ఞతలు. ఫ్రాన్జ్ ఫెర్డినాండే యుద్ధాన్ని అడ్డుకున్నవాడన్న సంగతి నాకు కొత్త. నిన్న తరగతిలో చెబితే పిల్లలు చాలాసేపు దాని మీదే మాట్లాడుకున్నారు. రెండు సందేహాలు మిగిలాయి. బాల్కన్ తగవులోకి బ్రిటన్ ఎందుకు వచ్చింది? దానితో పాటు మనం ఎలా ఇరుక్కున్నాం? మాచర్ల నుంచి వచ్చే ఒక అబ్బాయి, “మనవాళ్లను ఎవరైనా అడిగారా సార్?” అన్నాడు.


సమాధానం: పాత పటాలు

బ్రిటన్ ఆ జులైలో ఐర్లాండ్ గొడవలో తలమునకలై ఉంది. స్వపరిపాలన చట్టాన్ని ఉత్తరాన అల్‌స్టర్‌లోని ప్రొటెస్టెంట్లు ఆయుధాలతో ఎదిరిస్తామంటున్నారు. జులై 24న మంత్రివర్గం ఆ సరిహద్దుల చర్చ ముగిస్తుండగా విదేశాంగమంత్రి ఎడ్వర్డ్ గ్రే ఆస్ట్రియా హెచ్చరిక పాఠాన్ని చదివి వినిపించాడు. ఫ్రాన్స్‌తో 1904లో, రష్యాతో 1907లో కుదిరిన ఒప్పందాలు ప్రధానంగా వలసల సర్దుబాట్లు. యుద్ధంలో సాయం చేయాలన్న షరతు వాటిలో లేదు. కానీ సేనాధిపతుల మధ్య ఏళ్లుగా మాటలు నడిచాయి. 1912లో కుదిరిన ఏర్పాటు ప్రకారం ఫ్రాన్స్ నౌకాదళం మధ్యధరా సముద్రానికి వెళ్లగా, ఉత్తర తీరాన్ని కనిపెట్టే భారం బ్రిటన్ మీద పడింది. మంత్రుల్లో చాలామందికి ఈ బంధాల లోతు తెలియదు. అందుకే గ్రే చివరిదాకా అటు ఫ్రాన్స్‌కు గట్టి మాట ఇవ్వలేదు, ఇటు జర్మనీని గట్టిగా హెచ్చరించనూ లేదు. ఆయనను నేను అంత తేలిగ్గా తప్పుపట్టలేను; చీలిపోయిన మంత్రివర్గంతో అంతకంటే గట్టిగా మాట్లాడి ఉంటే ఆ ప్రభుత్వమే పడిపోయేది. ఆగస్టు 4న జర్మన్ సైన్యం బెల్జియంలో అడుగుపెట్టడంతో 1839 నాటి సంధి ప్రకారం బెల్జియం తటస్థతను కాపాడే బాధ్యత ముందుకు వచ్చింది, మంత్రివర్గంలో ఎక్కువమంది ఒక్కటయ్యారు. ఆ రాత్రి పదకొండింటికి బ్రిటన్ యుద్ధంలోకి దిగింది.

మాచర్ల అబ్బాయికి జవాబు: అడగలేదు. బ్రిటిష్ రాజు యుద్ధం ప్రకటిస్తే సామ్రాజ్యమంతా యుద్ధంలో ఉన్నట్టే. వైస్రాయ్ హార్డింజ్ భారతదేశం తరఫున ఆ మాట ప్రకటించాడు. సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవులోని కిరోసిన్ ట్యాంకుల మీద గుళ్లు కురిపించింది. అప్పటి మన కోస్తా, సీమ జిల్లాలన్నిటికీ రాజధాని మద్రాసే కనుక, సారాయెవోలో మొదలైనది మూడు నెలలు నిండకుండానే మన ముంగిటికి వచ్చినట్టయింది.

తెలంగాణ వైపు అది ఇంకో దారిన వచ్చింది. తుర్కీ సుల్తాను ప్రభుత్వం బ్రిటన్‌లో రెండు పెద్ద యుద్ధనౌకలు కట్టించుకుంది, వాటికోసం ప్రజల దగ్గర చందాలు కూడా పోగుచేసింది. ఆగస్టు మొదట్లో బ్రిటన్ వాటిని స్వాధీనం చేసుకుంది. కొద్ది రోజులకే రెండు జర్మన్ యుద్ధనౌకలు ఇస్తాంబుల్ చేరి తుర్కీ జెండా ఎత్తాయి, అక్టోబరు 29న నల్లసముద్రంలో రష్యా రేవుల మీద దాడి చేశాయి. తుర్కీ అలా జర్మనీ పక్షాన చేరి, నవంబరులో ముస్లింల మతాధిపతి ఖలీఫాగా సుల్తాను పేరిట జిహాద్ ప్రకటించేసరికి బ్రిటిష్ వారికి భారతీయ ముస్లింల విధేయత మీద గుబులు పట్టుకుంది. అప్పుడు హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ముస్లింలు బ్రిటిష్ ప్రభుత్వానికే విధేయులుగా ఉండాలని విజ్ఞప్తి జారీ చేశాడు. ఆయన పంపిన అశ్వికదళం హైదరాబాద్ లాన్సర్లు సూయజ్ కాలువ రక్షణలో, తరువాత పాలస్తీనా పోరులో పనిచేశారు. ఢిల్లీ తీన్ మూర్తి కూడలిలో నిలబడిన ముగ్గురు సైనికుల విగ్రహాల్లో ఒకటి వాళ్లదే, మిగిలినవి మైసూరు, జోధ్‌పూర్ దళాలవి. పిల్లలను ఎప్పుడైనా ఢిల్లీ విహారయాత్రకు తీసుకెళితే అక్కడ బస్సు ఆపించండి.